డ్యాష్‌బోర్డులో చిల్లు

ఐదున్నర. మల్లేశ్వరం ఎనిమిదో క్రాస్‌లో
పాలవాడి స్కూటరు తప్ప ఏదీ కదల్లేదు.
డిసెంబరు మంచు బానెట్ మీద
జ్వరం దిగిన నుదుటి చెమటలా పట్టింది.
తాళం తిప్పితే మా అంబాసిడర్
గొంతులో పచ్చివెలక్కాయ పడ్డట్టు
ఉఁ... ఉఁ... అని ఆగిపోయింది.

చోక్ గుండీ ఉండాల్సిన చోట చిల్లు.
చిల్లు మీద ఫిలోమినా అంటించిన
సెయింట్ అంతోని బొమ్మ.
పోయినవి వెతికిపెడతాడంట.
చోక్‌ని మాత్రం ఇంతవరకూ తెచ్చివ్వలేదు.

తీయించింది ఆవిడే, ఒక ఏప్రిల్‌లో.
"ఈ ఎండలకి చోకెందుకు సువర్చలా?
గుండీ కనబడితే చాలు, నీ స్టూడెంట్లు
హ్యాండ్‌బ్యాగులు తగిలిస్తారు."
నిజమే. బరువుకి గుండీ బయటికొచ్చేసి,
చిక్కటి పెట్రోలు తాగి తాగి
ప్లగ్గులు కాటుక పట్టినట్టు నల్లబడేవి.
రాజాజీనగర్ నుంచి వచ్చే క్యాషియరమ్మ
ఒకనాడు టిఫిన్ క్యారియరే తగిలించింది.

పేరు చూసి మోసపోతారు జనం.
ఈ కార్బురేటర్లో చోక్ ఎవరి గొంతూ నొక్కదు.
గుండీ లాగితే అడుగున జెట్ గోరంత దిగుతుంది,
సూది చుట్టూ సందు పెరుగుతుంది,
పెట్రోలు ఇంకాస్త ఎక్కుతుంది. అంతే.
చలికి ఆవిరవని పెట్రోలు
గొట్టం గోడలకే అంటుకుపోతుంది గనక,
పదిమందికి వండింది నలుగురికే అందుతుంది గనక,
ఎసట్లో ఇంకో మానెడు బియ్యం పోయడం.
పెడల్ టపటపా తొక్కే మగరాయుళ్లకి ఎవరైనా చెప్పండి,
దీనికి ఆ పంపు లేదు.
తొక్కితే కాలు నొప్పే.

చోక్ పోయాక పదకొండు చలికాలాలు
నా అరచేయే చోక్.
ఎయిర్ క్లీనర్ విప్పి
కార్బురేటర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టి
"తిప్పు!" అని అరిస్తే
లోపల ఫిలోమినా తిప్పేది.
ఇంజను నా చేతిని పీల్చేది,
లేగదూడ నాకినట్టు, చల్లగా, తడిగా.
అందుకోగానే తీసేదాన్ని.
మధ్యాహ్నం అన్నం ముద్దలో కూడా పెట్రోలు వాసన.

మోకాలు మార్పించుకుని ఫిలోమినా
చెన్నైలో, పెరంబూరు చెల్లెలింట్లో ఉంది, జూన్ నుంచి.
"ఇక్కడికి వచ్చెయ్యవే,
ఈ ఊళ్లో ఏ బండికీ చోక్ అక్కర్లేదు" అంటుంది.
అక్కడ నిజమే అయ్యుంటుంది.
నిజానికి కూడా ఊరూ నెలా ఉంటాయి.

నా చెయ్యి బానెట్ కింద,
తాళం స్టీరింగ్ పక్కన.
చీపురుకట్టతో తిప్పి చూశాను. నవ్వకండి.

జె.సి. రోడ్డులో ఖలీల్ సాబ్
మూడు కేబుళ్లు నేలమీద పరిచి కొలిచాడు.
"అసలు ఇంజనుకి ఇది కావాలంటారా?" అన్నాను.
"ఇంజన్నే అడగండమ్మా, నేను కేబుల్ అమ్ముతా."
మూడువందల యాభై.
గుండీ పాతదే దొరికింది,
మీద సి అక్షరం సగం అరిగిపోయి.

ఈ పొద్దున
అంతోనిని గ్లవ్‌బాక్స్ మూత మీదికి మార్చి
గుండీ లాగి తిప్పాను.
రెండో తిప్పుకి అందుకుంది.
ఎవరిమీదా అరవాల్సిన పని లేకపోయింది.
కుడిచెయ్యి వాసన చూసుకున్నాను,
పాండ్స్ పౌడరు.

అద్దం దించి, ఫోన్ బయటికి పెట్టి వినిపించాను.
అటువైపు ఫ్యాను గరగర,
డిసెంబర్లో కూడా.
"వింటున్నావా?"
కాసేపు ఏమీ అనలేదు.
"కుంటుతోంది. పొగ నల్లగా వస్తోందా?"
అద్దంలో చూశాను. వస్తోంది.
"ఎంతసేపు లాగిపెడతావు, మొద్దూ,
లోపలికి తొయ్యి" అంది ఫిలోమినా.